అత్తగారికి లేని గుండెజబ్బు

ప్రయాణాల విషయంలో ఆ ఇంట్లో కోడలి మాటకు తిరుగు లేదు. ఆమెది కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం. పొద్దస్తమానం ఎదుటివాళ్ల కళ్లముందు గాజుబిళ్లలు మారుస్తూ "ఇప్పుడెలా ఉంది? ఇంతకుముందుదే బాగుందా?" అని అడిగీ అడిగీ, దేన్నయినా రెండుసార్లు సరిచూసుకుంటే తప్ప వదలని అలవాటైంది. చుట్టాల్లో ఎవరు ఊరు కదలాలన్నా ముందు ఆమెకు ఫోను చేసేవారు. ఏ నెలలో వానలు, బస్సులో ఏ వైపు ఎండ కొట్టదు, ఏ మందులు దగ్గరుంచుకోవాలి, అన్నీ ఆమెకు కంఠతా. భర్త ఆమెను "మేనేజరుగారూ" అని పిలిచేవాడు. అత్తగారైతే ఇంకో మెట్టు పైకెక్కి, "మా కోడలు చెప్పిందంటే ఇక గడియారం చూసుకోనక్కర్లేదు" అని పక్కింటివాళ్ల దగ్గర చెప్పుకునేది.

ఆ ఏడాది ఆమె తన కోసం ఒక ప్రయాణం తలపెట్టింది. భార్యాభర్తలిద్దరూ ఒక చిన్న ద్వీపానికి వెళ్లాలి, వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగాలి, చేపలనూ పగడాలనూ చూడాలి. అందుకోసం ఊళ్లో ఈతకొలనులో ఆదివారాలు శిక్షణ కూడా తీసుకున్నారు. అతనిది లిఫ్టులు బాగుచేసే పని. ఏ భవనంలో ఎవరు మధ్యలో ఇరుక్కుపోయినా అతని ఫోను మోగేది. సినిమాకు వెళ్తే సగంలో, భోజనానికి కూర్చుంటే మొదటి ముద్దకే లేచిపోయేవాడు. నీళ్లలో ఫోను మోగదు. ఎవరూ పిలవరు. అసలు మాట్లాడుకోవడానికే వీలుండదు, పక్కపక్కన ఉండటం తప్ప. ఆమెకు కావలసింది సరిగ్గా అదే.

అత్తగారు ఆ నాలుగు రోజులూ కూతురి ఇంట్లో ఉండేట్టు ఏర్పాటు. తీరా ప్రయాణం దగ్గరపడ్డాక కూతురి పిల్లలిద్దరికీ గవదబిళ్లలు లేచాయి.

"అమ్మనొక్కదాన్నీ ఎలా వదిలి వెళ్తాం? తీసుకుపోదాం. సముద్రం చూసినట్టుంటుంది" అన్నాడు భర్త. ఆమెతో అనేసరికే తల్లితో చెప్పేశాడు కూడా.

కోడలు కాదనలేదు. కాదనడానికి కారణమూ లేదు. అత్తగారు ఒకరిని ఇబ్బంది పెట్టే మనిషి కాదు. భర్త పోయాక స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి కొడుకునూ కూతురినీ పెద్దచేసిన మనిషి. అయినా కోడలికి ప్రాణం చివుక్కుమంది. సరేలే, గట్టు మీద ఎంతమంది ఉన్నా నీళ్లలో మేమిద్దరమే కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లో, నీళ్లలో కళ్లకూ ముక్కుకూ కలిపి పెట్టుకునే మాస్కులను టూత్‌పేస్టుతో తోముతోంది. అత్తగారు వచ్చి వింతగా చూసింది.

"అదేంటమ్మాయ్, వాటికి పళ్లున్నాయా?"

"కొత్త అద్దం మీద కనిపించని జిడ్డు పొర ఉంటుందత్తయ్యా. అది వదలకపోతే నీళ్లలో దిగగానే ఆవిరి పట్టేస్తుంది. అంతదూరం వెళ్లి పొగమంచు చూసి రావాలి."

"మరి ముఖానికి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చాలి. చెయ్యి తీసేసినా ఊడకుండా అతుక్కుని ఉంటే సరిపోయినట్టే."

అత్తగారు ఒకటి తీసుకుని కడిగి ఆనించుకుంది. గాలి పీల్చి చేతులు వదిలేసింది. మాస్కు అతుక్కుపోయింది. అలాగే వెళ్లి అద్దంలో చూసుకుని, జలుబు చేసిన గొంతుతో "నాకు కుట్టించినట్టుందే!" అని నవ్వింది. తర్వాత దాన్ని నుదుటి మీదకు తోసుకుని అంది: "నేనూ దిగుతానమ్మాయ్. ఈత నాకు కొత్తేం కాదు. చిన్నప్పుడు ఏటికి అడ్డంగా ఈదేదాన్ని. మగపిల్లలు కూడా నాతో పందెం కాసేవాళ్లు కాదు."

ఆవిడ దిగితే కొత్తవాళ్లతోపాటు ఒడ్డు దగ్గరే దిగాలి. కొడుకు తల్లి పక్కనే ఉంటాడు. "అమ్మా, బాగుందా? భయంగా ఉందా?" అని సైగలు చేస్తూ ఉంటాడు. కోడలికి ఇదంతా ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"కుదరదత్తయ్యా. యాభై అయిదు దాటినవాళ్లను దిగనివ్వరు. అక్కడ రూలు."

అలాంటి రూలేమీ లేదు. ఆవిడ వయసువాళ్లకు డాక్టరు చూసి సరే అనాలి, అంతే. కిందటి నెలలోనే అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్లి అన్ని పరీక్షలూ చేయించింది కోడలే. "నా గుండె కన్నా మీ అత్తగారి గుండే గట్టిగా ఉంది" అన్నాడు ఆ డాక్టరు.

అత్తగారు ఎందుకని అడుగుతుందని, ఒక్కసారి కనుక్కోమంటుందని ఆమె అనుకుంది. అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. ఆవిడ ఏమీ అడగలేదు.

"అలాగా. రూలంటే రూలే" అని మాస్కు తీసి కొంగుతో తుడిచి యథాస్థానంలో పెట్టింది. ముఖం చుట్టూ ఎర్రటి గీత పడింది. "అయితే మీరు దిగినప్పుడు మీ సంచులు నేను చూస్తుంటాలే. ఎవరో ఒకరు ఉండాలిగా" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకుతో, "నన్ను దిగనివ్వరటరా, ముసలిదాన్నట!" అని నవ్వుతూ చెప్పింది. అతను భార్యవైపు చూశాడు. ఆమె మంచినీళ్ల కోసం లేచి వెళ్లింది. మేనేజరుగారు చెప్పిందంటే కనుక్కునే చెప్పి ఉంటుందని అతనూ ఊరుకున్నాడు.

*

విమానం దిగి, రేవులో లాంచీ ఎక్కి, ద్వీపం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కోడలు చెప్పినట్టే అందరూ పొడుగు చేతుల చొక్కాలు వేసుకున్నారు. రాళ్ల మీద జారని చెప్పులు తొడుక్కున్నారు. కరెంటు పోతే పనికొస్తుందని అత్తగారు తన టార్చిలైటు చేతిసంచిలో పైకే పెట్టుకుంది. లాడ్జి ఓనరమ్మ మంచినీళ్లు పొదుపుగా వాడమని చెప్పబోతే, "మా కోడలు ముందే చెప్పిందమ్మా, మీ దగ్గర మంచినీళ్లు కూడా పడవలోనే రావాలట కదా" అంది అత్తగారు గొప్పగా. కోడలు తలవంచుకుని గది తాళం తిప్పింది.

డైవింగు నేర్పే దుకాణం లాడ్జికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. రేకుల షెడ్డు, ముందు అరుగు, దండెం మీద ఆరేసిన రబ్బరు దుస్తులు. అది నడిపే ఆయనను అందరూ మాస్టారు అంటారు. ఎండకు కమిలిన నల్లటి మనిషి, చెవుల్లో వెంట్రుకలతో సహా జుట్టంతా తెల్లబడింది. సంచులు గదిలో పెట్టించడానికి భర్త వెనకే ఉండిపోయాడు. అత్తగారు షెడ్డు బయట నిలబడి, వేలాడుతున్న దుస్తుల కుట్టు పట్టుకుని పరీక్షగా చూస్తోంది.

"అమ్మగారు కూడా దిగుతారా?" మాస్టారు బయటికి చూస్తూ అడిగాడు. "కొత్తవాళ్లయినా ఫరవాలేదు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. ఈమధ్యే డెబ్బై ఏళ్లావిడ వచ్చింది, పైకి రమ్మంటే రానని మారాం చేసింది."

ఈ మాట ఆవిడ చెవిన పడితే? ఈ నాలుగు రోజుల్లో మాస్టారు ఆవిడనే నేరుగా అడిగితే? కోడలు గొంతు తగ్గించింది.

"వద్దండీ. ఆవిడకు గుండె బాగోలేదు. దయచేసి ఆ మాట ఆవిడ దగ్గర ఎత్తకండి. బాధపడుతుంది."

మాస్టారి ముఖంలో నవ్వు చప్పున ఆరిపోయింది. "అయ్యో. మంచిపని చేశారమ్మా చెప్పి. చాలామంది దాచేస్తారు" అన్నాడు.

మర్నాడు పొద్దున పడవ ఎక్కుతుంటే అత్తగారి కోసం ఒక కుర్చీ వేసి ఉంది. పైన గుడ్డ కట్టి నీడ కూడా చేశారు. పడవ నడిపే సరంగు ఆవిడ మోచెయ్యి పట్టుకుని, గాజుబొమ్మను ఎక్కించినట్టు ఎక్కించాడు.

"ఎంత మర్యాదో చూడమ్మాయ్!" అని అత్తగారు సంబరపడింది.

నీళ్లలోకి దిగాక కొంతసేపు కోడలు అన్నీ మరచిపోయింది. చెవులు దిమ్మెత్తినప్పుడల్లా ముక్కు మూసి మెల్లగా ఊదుతూ, తాడు పట్టుకుని దిగుతుంటే, పైన వెలుగు పల్చబడుతూ వచ్చింది. కింద పగడాలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. పసుపుపచ్చ చేపలు ఒక్క కుదుపుతో అన్నీ కలిసి అటు తిరిగేవి, మళ్లీ ఇటు తిరిగేవి. భర్త పక్కనే ఉన్నాడు. అతని ఊపిరి బుడగలు ఆమె బుడగలతో కలిసి పైకి పోతున్నాయి. అతను ఆమె భుజం తట్టి రాళ్ల సందులోకి చూపించాడు. తాబేలొకటి బద్ధకంగా కాళ్లు ఆడిస్తూ బయటికి వస్తోంది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే బుగ్గలు ముడతపడి మాస్కులోకి నీళ్లొస్తాయి. నవ్వు బిగబట్టుకుంది.

తల పైకెత్తితే పడవ అడుగు భాగం నల్లగా కనిపించింది. ఆ పైన కుర్చీలో, గుడ్డ నీడలో, సంచులు ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ ఈ తాబేలును చూస్తే ఎంత అల్లరి చేసేదో! ఆ ఆలోచన వచ్చాక మళ్లీ పోలేదు. తాబేలు వెళ్లిపోయింది, ఎటు వెళ్లిందో ఆమె చూడలేదు.

పైకి వచ్చాక అత్తగారు తువ్వాలు అందిస్తూ, "ఏం కనిపించింది? వరసగా చెప్పు, ఏదీ వదలకుండా చెప్పు" అంది. కోడలు చెప్పింది. తాబేలు సంగతి మాత్రం చెప్పలేకపోయింది. అది భర్త చెప్పాడు.

*

మాస్టారు అత్తగారి దగ్గర ఆ మాట ఎత్తలేదు కానీ, జాగ్రత్త కోసం మిగతావాళ్లందరికీ చెప్పాడు. లాడ్జి ఓనరమ్మ ఆవిడ కూరలో ఉప్పు తగ్గించింది. అడక్కుండానే వాళ్ల గది మేడ మీది నుంచి కిందికి మార్చింది. దీపస్తంభం ఉన్న గుట్ట ఎక్కుతానని అత్తగారు బయలుదేరితే, సరంగు అడ్డుపడి "వద్దమ్మా, మెట్లు నిటారుగా ఉంటాయి" అన్నాడు. ఆవిడ కన్నా లావుపాటివాళ్లు, పెద్దవాళ్లు ఎక్కి దిగుతున్నారు.

కోడలు ఇవన్నీ చూసింది. చూసిన ప్రతిసారీ మాస్టారి దగ్గరకు వెళ్లి ఒక్క మాట చెప్పేస్తే పోతుందనుకుంది. వెళ్తే ఏమని చెప్పాలి? పొద్దున అనుకున్నది సాయంత్రానికి, సాయంత్రం అనుకున్నది మర్నాటికి వాయిదా వేసింది. పైగా భర్త ఆ మూడు రోజులూ పసిపిల్లాడిలా ఉన్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా అతనింత మాట్లాడలేదు. ఆ సంతోషం చెడగొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. తన సంతోషం కూడా అందులో ఉందని ఆమెకు తెలుసు.

అత్తగారు మాత్రం నెమ్మదిగా మారిపోయింది. మూడోరోజు పడవలో ఎవరితోనూ కబుర్లు పెట్టుకోలేదు. ఏం చూశారని అడగలేదు. భోజనం దగ్గర కొడుకు ముఖం వంకే చూస్తూ కూర్చుంది. "ఏంటమ్మా, ముఖానికేమైనా అంటుకుందా?" అని అతను నవ్వాడు.

"లేదురా. మీ నాన్న గడ్డం నీకొచ్చింది. ఇన్నాళ్లూ చూసుకోలేదు" అందావిడ.

నాలుగోరోజు పొద్దున ఎవరికీ పడవ లేదు. మర్నాడు విమానం ఎక్కాలి కాబట్టి ఆ రోజు సిలిండరుతో దిగకూడదు. నీళ్లలో ఉన్నంతసేపూ ఒంట్లో చేరిన గాలి మెల్లగా బయటికి పోవడానికి ఒక రోజంతా కావాలి. తొందరపడి ఆకాశంలోకి లేస్తే అది రక్తంలో బుడగలు కడుతుంది. అందుకని కోడలు ప్రయాణంలో ఆ చివరి రోజును ఖాళీగా ఉంచింది. భర్త లాంచీ టికెట్ల కోసం రేవుకు వెళ్లాడు. ఆమె గదిలో తడిబట్టలు మడత పెడుతోంది. అత్తగారు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, ఉన్నట్టుండి మాట్లాడింది.

"నా కుట్టుమిషను నువ్వే ఉంచుకో. నీ ఆడపడుచుకు ఇవ్వొద్దు, అది అమ్మేస్తుంది. నీకు కుట్టడం రాకపోయినా ఫరవాలేదు, మూల పడి ఉంటుంది."

"ఇప్పుడా మాటలెందుకత్తయ్యా?"

"వాడికి కొత్త చొక్కా కొంటే గుండీలన్నీ ఒకసారి గట్టిగా కుట్టాలి. కొట్టువాళ్లు ఒక్క దారం వేసి వదిలేస్తారు. లిఫ్టు గుంతలోకి వంగినప్పుడల్లా తెగిపోతుంటాయి." ఆవిడ కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటూ ఆగింది. "ఎన్నాళ్లన్నాడమ్మా డాక్టరు?"

కోడలి చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది.

"ఏ డాక్టరు?"

"నాకు తెలిసిపోయిందిలే. నిన్న కాదు మొన్న, ఓనరమ్మ వంటింట్లో ఎవరితోనో అంటోంది, కింద గదిలో పెద్దావిడకు గుండె అయిపోయిందట, పిల్లలు ఆవిడకు తెలియనివ్వడం లేదట అని. అప్పుడర్థమైంది నాకు. ఆ పరీక్షలు చేయించి అన్నీ బాగున్నాయని చెప్పావు. వెంటనే నన్ను సముద్రం చూపించడానికి తీసుకొచ్చారు. నీళ్లలో దిగనివ్వరని అన్నావు. చివరిసారి కదా అని తిప్పుతున్నారు. నేనేమీ అనుకోవడం లేదు. మీరిద్దరూ నా దగ్గర నవ్వుతూ ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో అనుకున్నాను. కానీ ఎన్నాళ్లో చెబితే నా ఏర్పాట్లు నేను చేసుకుంటాను."

కోడలికి కూర్చుందామంటే కుర్చీ ఎక్కడుందో కనిపించలేదు.

"అయ్యో అత్తయ్యా, అదేం లేదు! మీకేం జబ్బు లేదు! వాళ్లు... మాస్టారు... ఎవరినో అనుకుని మిమ్మల్ని..."

"పొరపాటా?" అత్తగారు ముందుకు వంగింది. "ఇంకెవరో అనుకున్నారా? నిజంగా?"

"అవునత్తయ్యా."

అత్తగారు ఆ మాటను పట్టేసుకుంది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కళ్లు మూసుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, పొడుగ్గా ఊపిరి వదిలింది. "నువ్వు చెప్పావు, చాలు. ఇక నాకేం భయం లేదు" అంది. ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. చెంపల మీదుగా నీళ్లు జారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

ఆ క్షణంలో గండం గడిచిపోయింది. ఇక నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ ముఖం వంక చూస్తూ నిలబడటం కోడలి వల్ల కాలేదు. మంచం పక్కన నేల మీద కూలబడింది.

"పొరపాటు కాదత్తయ్యా. నేనే చెప్పాను. మాస్టారు మిమ్మల్ని దిగమంటాడేమోనని, మీకు గుండెజబ్బని నేనే చెప్పాను. వయసు రూలు కూడా లేదు. అదీ నేనే పుట్టించాను. డెబ్బై ఏళ్లవాళ్లు కూడా దిగుతారిక్కడ."

అత్తగారు కళ్లు తెరిచింది.

"ఎందుకు?"

"ఆయనతో నేనొక్కదాన్నే ఉండాలనిపించింది."

బయట ఎవరో బకెట్టుతో మెట్లు కడుగుతున్నారు.

"రెండు రోజులు" అంది అత్తగారు, మెల్లగానే. "రెండు రోజులుగా నేను చచ్చిపోతున్నాను అనుకుంటున్నాను. ఇక్కడే పోతే మిమ్మల్ని ఇబ్బంది పెట్టినట్టవుతుందని, ఇంటికి చేరేదాకా ఉంటే చాలనుకున్నాను. అమ్మాయికి ఫోను చేసి పిల్లల గొంతు వినిపించమన్నాను. వాళ్లకు దవడలు వాచి మాట రావడం లేదు. అయినా వినిపించమన్నాను."

కోడలు ఏడుస్తోంది.

"ఏడవకు. నాకు చిరాకొస్తుంది. మేమిద్దరం వెళ్తామత్తయ్యా, మీరు గట్టు మీద కూర్చోండి అంటే నేను కూర్చోనా? నాకు పెళ్లి కాలేదా, కాపురం చెయ్యలేదా? ఆ మాత్రం తెలియదా నాకు? పక్కింటావిడకు తాళాలిచ్చి ఇంట్లోనే ఉండేదాన్ని. అడగాల్సింది పోయి, నాకు జబ్బంటగట్టావు." ఆవిడ కొంగుతో చెంపలు తుడుచుకుంది. "వాడికి తెలుసా ఇదంతా?"

"తెలియదు."

"చెప్పు. నేను చెప్పను. నేను చెబితే అత్తగారు చాడీలు చెప్పినట్టుంటుంది. నువ్వే చెప్పు."

*

భర్త టికెట్లు జేబులో పెట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆమె అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పింది. అతను కేకలు వేస్తాడేమోనని భయపడింది. వెయ్యలేదు. అంతా విని, "ఆ కుర్చీ అందుకా?" అన్నాడు. "మా అమ్మ కోసం అందరూ ఎంత చేస్తున్నారో అని నేను మురిసిపోయాను." జేబులోని టికెట్లు తీసి అరుగు మీద పెట్టి, "తప్పు నాది కూడా ఉంది. అమ్మను తీసుకెళ్దామా అని నిన్ను అడగలేదు, తీసుకెళ్దామని చెప్పేశాను" అన్నాడు. ఆ మాటకు ఆమెకు కొంత ఊరట కలగాలి. కలగలేదు. అతను లేచి లోపలికి వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె బయటే ఉండిపోయింది.

మధ్యాహ్నం ముగ్గురూ మాస్టారి దగ్గరకు వెళ్లారు. ఈసారి కూడా కోడలే చెప్పింది. ఆయన చేతిలో ఉన్న గొట్టం కింద పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు.

"గుండె సంగతితో ఆటలాడకూడదమ్మా. జనం ఉన్న జబ్బును లేదని చెబుతారు, దాంతో నాకు నిద్ర పట్టదు. లేని జబ్బును ఉందని చెప్పినవాళ్లను మిమ్మల్నే చూశాను. రేపెప్పుడైనా ఆవిడకు నిజంగా ఏదైనా అయితే, ఎవరి మాట నమ్మాలి మేము?"



"పోనీ ఇప్పుడు అమ్మను తీసుకెళ్లగలరా మాస్టారూ?" అన్నాడు భర్త.

"ఎలా తీసుకెళ్తాను? రేపు విమానం. ఇవాళ సిలిండరు కట్టడానికి లేదు. పైగా ఆవిడ బాగుందని ఇప్పుడు మీరంటున్నారు. ఇంతకుముందు బాగోలేదన్నదీ మీరే. డాక్టరు కాగితం చూస్తే తప్ప నేను కట్టను."

సాకులు కావవి. ఆ నియమాలు రెండూ కోడలికి ముందే తెలుసు. మొన్నటిదాకా సమయం ఉంది. నిన్న సాయంత్రం చెప్పినా చాలేది కాదు గానీ, మొదటిరోజు చెప్పి ఉంటే ఇంటి దగ్గరి డాక్టరుతో ఫోనులో మాట్లాడించి కాగితం తెప్పించుకునేవాళ్లు. అత్తగారు తాబేలును చూసేది.

అత్తగారు అందరి ముఖాలూ చూసి, "పైపైన ఈదడానికి కాగితం కావాలా?" అంది.

మాస్టారు మొదటిసారి కొంచెం మెత్తబడ్డాడు. "ముందు నడుము లోతు నీళ్లలో ఈది చూపించండి. మీ ఊపిరి చూసి చెబుతాను. సరేననిపిస్తే మాస్కు, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని పైపైనే తేలుతూ చూడొచ్చు. విమానానికీ అడ్డం లేదు."

అత్తగారు చీర మార్చి పంజాబీ డ్రెస్సు వేసుకుని, దాని మీద అద్దెకిచ్చే రబ్బరు చొక్కా బిగించుకుని దిగింది. ఒకసారి ముఖం కడుక్కుని, నీళ్లను చేత్తో పక్కకు నెట్టి, చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకుంటూ, కాళ్లు కప్పలా కదుపుతూ, తొందర లేకుండా కొంతదూరం వెళ్లి మళ్లీ వచ్చింది. రొప్పు కూడా లేదు. మాస్టారు నోరు తెరిచి, "ఇదెక్కడి ఈతమ్మా?" అన్నాడు.

"పరికిణీ తడిస్తే అమ్మ తంతుందని, కట్టకుండానే నేర్చుకున్న ఈత" అంది అత్తగారు. సరంగు పగలబడి నవ్వాడు.

కోడలు ఒక అడుగు ముందుకు వేసింది. "నేను తీసుకెళ్తానత్తయ్యా. పగడాలు ఎక్కడ బాగుంటాయో చూశాను."

"వద్దులే. మాస్టారు వస్తారు" అంది అత్తగారు. కోపంగా అనలేదు. ఆయన చెయ్యి అందుకుని వెళ్లింది.

ఆ పక్కనే కొడుకు ఈదాడు. కోడలు ఒడ్డున రాతి మీద కూర్చుని ముగ్గురి గొట్టాలనూ చూస్తూ ఉంది. మధ్యలో ఒకసారి అత్తగారు తల పైకెత్తి గొట్టం ఊడబెరికి, "ఒరేయ్, చారలు! చారలు!" అని కేకపెట్టి మళ్లీ ముఖం నీళ్లలో పెట్టేసింది. కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ కేక ఇంకా లోతున, ఇంకా గొప్పగా ఉండాల్సింది. తను దాన్ని ఒడ్డు దగ్గరే ఆపేసింది. ఎండ తగ్గేదాకా వాళ్లు పైకి రాలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారు చారల చేపల గురించి ఓనరమ్మకు చెప్పింది, సరంగుకు చెప్పింది, కొడుకుకు రెండోసారి చెప్పింది. ఓనరమ్మ సంగతి తెలిసి సిగ్గుపడుతూ కూరలో ఉప్పు సరిగ్గా వేసి తెచ్చింది. కోడలి పళ్లెంలో కూడా అత్తగారే వడ్డించింది, కానీ చేపల సంగతి ఆమెకు చెప్పలేదు. "అత్తయ్యా, పగడాలు ఎలా ఉన్నాయి?" అని ఆమె అడిగితే, "బాగున్నాయి" అని ఊరుకుంది. ఆ ఒక్క మాటకు కోడలికి తలకొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున లాంచీ బయలుదేరేసరికి గాలి లేచింది. కోడలు కడుపులో తిప్పకుండా అందరికీ మాత్రలిచ్చింది. తను మాత్రం వేసుకోలేదు. రాత్రి సరిగ్గా తినలేదు, పొద్దున టీ కూడా తాగలేదు. ద్వీపం చిన్నదవుతుండగానే ఆమె ముఖం పాలిపోయింది. కిటికీ కడ్డీ పట్టుకుని బయటికి వంగి కక్కుకుంది. భర్త సామాన్ల దగ్గర అవతలి చివర ఉన్నాడు. ఆమె నుదుటి మీద ఒక చెయ్యి వచ్చి ఆనింది. ఇంకో చెయ్యి వీపు రాసింది. గరుకు వేళ్లు, సూదుల మచ్చలున్న వేళ్లు.

"కిందికి చూడకు. ఎదురుగా ఆ నీళ్ల అంచు చూడు, అది కదలదు. సరంగు చెప్పాడు."

ఆమె చూసింది. కళ్లలో నీళ్లకు ఏ అంచూ కనిపించలేదు.

"కోపం పోయిందా అత్తయ్యా?"

"లేదు."

లాంచీ ఒక అల మీదికి లేచి కిందికి దిగింది. అత్తగారు ఆమె జుట్టు ముఖం మీద పడకుండా వెనక్కి లాగి, ముడి వేసి పట్టుకుంది.

"ఎప్పుడు పోతుందో నాకూ తెలియదు. పోయినప్పుడు చెబుతాలే. ముందు నోరు పుక్కిలించు" అని సీసా మూత తీసి ఇచ్చింది.